ఇరవై వాట్లతో ధ్రువం నుంచి పలికిన ఎర్నెస్ట్ క్రెంకెల్

ఇంట్లో వెలిగే చిన్న బల్బుకు సరిపోయే శక్తి 20 వాట్లు. 1937 మే నుంచి 1938 ఫిబ్రవరి దాకా ఉత్తర ధ్రువ సముద్రంలో కొట్టుకుపోతున్న మంచు పలక మీద నలుగురు మనుషులు బతికారు. వాళ్లకూ మిగతా లోకానికీ మధ్య ఉన్న బంధం ఆ 20 వాట్ల ట్రాన్స్‌మిటర్ ఒక్కటే. దాన్ని నడిపిన మనిషి పేరు ఎర్నెస్ట్ తియోదోరోవిచ్ క్రెంకెల్. వృత్తిరీత్యా ధ్రువ ప్రాంతాల రేడియో ఆపరేటర్. మనసు మాత్రం అమెచ్యూర్ రేడియోది. సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన తరానికి చెల్యూస్కిన్, పపానిన్ అనే పేర్లు కొత్త కాకపోవచ్చు. ఆ రెండు కథల్లోనూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఓ మూల కూర్చున్న వ్యక్తి ఈయనే.

తక్కువ శక్తితో ఎక్కువ దూరం మాట్లాడటం నేటి అమెచ్యూర్లకు ఒక సాధన, ఒక సరదా. క్రెంకెల్ కాలంలో, ఆయన ఉన్న చోట్ల, అది ప్రాణాలకు సంబంధించిన విషయం. దేశాల మధ్య గోడలు లేచిన కాలంలో ఆ మాటలు రాజకీయ విషయం కూడా అయ్యాయి. ఆయన జీవితంలో ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి.

ఆకలి రోజుల్లో అబ్బిన విద్య

క్రెంకెల్ 1903 డిసెంబర్ 24న బియావిస్తొక్‌లో పుట్టారు. ఆ పట్టణం అప్పట్లో రష్యన్ సామ్రాజ్యంలో ఉండేది. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. జర్మన్ మూలాలున్న కుటుంబం. తండ్రి ఉపాధ్యాయుడు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం మాస్కో చేరింది. విప్లవం, ఆ వెంటనే వచ్చిన అంతర్యుద్ధం కుర్రవాడి చదువును మధ్యలోనే ఆపేశాయి. ఆకలి రోజులవి. గోడలకు పోస్టర్లు అంటించడం, మెకానిక్ దగ్గర సహాయకుడిగా ఉండటం లాంటి చిల్లర పనులు చేశారు.

1921లో రేడియో టెలిగ్రాఫ్ కోర్సులో చేరారు. విద్య మీద ఆసక్తి ఎంతో, అక్కడ దొరికే రేషను మీద ఆశ కూడా అంతే. కానీ మోర్స్ సంకేతాలు ఆయన చెవికి ఇట్టే పట్టుబడ్డాయి. చుక్క, గీత అనే రెండే శబ్దాలతో అక్షరమాల మొత్తాన్ని పలికించే ఆ భాషను కాగితం మీద లెక్కపెట్టి నేర్చుకోలేం. పాట వరసలా చెవిలో నిలవాలి. మాస్కో దగ్గరి ల్యూబెర్త్సీ రిసీవింగ్ స్టేషన్‌లో కొంతకాలం పనిచేశాక, ఆయనకు సముద్రం మీదికి మనసు పోయింది.

1924లో లెనిన్‌గ్రాడ్ వెళ్లారు. విదేశాలకు పోయే ఓడలో రేడియో ఆపరేటర్‌గా చేరి వెచ్చటి దేశాలు చూడాలన్నది కోరిక. దొరికింది మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధమైన ఉద్యోగం. నోవయా జెమ్ల్యా దీవుల్లోని మాతోచ్కిన్ షార్ ధ్రువ పరిశోధనా కేంద్రానికి రేడియో మనిషి కావాలి. ఏడాదిపాటు మంచులో ఉండాలి. చాలామంది ముఖం చాటేసిన ఆ పనికి క్రెంకెల్ ఒప్పుకున్నారు. ఆ ఒక్క శీతాకాలంతో ఆయన జీవితం ఉత్తరానికి తిరిగింది.

పనికిరావని వదిలేసిన తరంగాలు

ఆ రోజుల్లో దూరం మాట్లాడాలంటే పొడవైన తరంగాలే దిక్కు. వందల మీటర్ల నుంచి వేల మీటర్ల తరంగదైర్ఘ్యం, ఆకాశాన్నంటే స్తంభాలు, కిలోవాట్ల కొద్దీ విద్యుత్తు కావాలి. 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలు దూరం పోవని పెద్ద సంస్థలు తేల్చేశాయి. ఎవరికీ అక్కర్లేని ఆ భాగాన్ని అమెచ్యూర్లకు వదిలేశాయి.

ఆ వదిలేసిన చోటే అద్భుతం జరిగింది. 1923 నవంబర్‌లో ఫ్రాన్స్, అమెరికా అమెచ్యూర్లు సుమారు వంద మీటర్ల తరంగాల మీద అట్లాంటిక్ దాటి మాట్లాడుకున్నారు. 1924 అక్టోబర్‌లో న్యూజిలాండ్ అమెచ్యూర్ ఒకరు, ఇంగ్లండ్‌లోని ఒక స్కూలు విద్యార్థి సంభాషించుకున్నారు. 1925 జనవరిలో నిజ్నీ నోవ్‌గొరోద్ నుంచి ఫ్యోదర్ ల్బోవ్ పంపిన సంకేతం ఇరాక్‌లో వినపడింది. సోవియట్ అమెచ్యూర్ రేడియో చరిత్ర ఆ రాత్రితోనే మొదలైందని అక్కడి వారు లెక్కగడతారు.

ఇదెలా సాధ్యమైందో తర్వాత శాస్త్రం వివరించింది. భూమికి దాదాపు వంద నుంచి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన పొరలున్నాయి. వాటినే అయనోస్ఫియర్ అంటాం. హ్రస్వ తరంగాలు, అంటే షార్ట్‌వేవ్, ఆ పొరలను తాకి వంగి తిరిగి నేలకు వస్తాయి. నేల మీంచి మళ్లీ పైకి లేస్తాయి. ఇలా గంతులు వేస్తూ భూగోళాన్ని చుట్టేస్తాయి. దారి తెరుచుకున్న వేళ కొద్దిపాటి శక్తి చాలు. దారి మూసుకున్న వేళ కిలోవాట్లు పోసినా ఫలితం ఉండదు.

ఇంకో రహస్యం మనిషి చెవిలో ఉంది. వినికిడి తీవ్రతను రేడియో వాళ్లు గీతల్లో కొలుస్తారు. ట్రాన్స్‌మిటర్ శక్తిని 100 వాట్ల నుంచి 25కు, అంటే నాలుగో వంతుకు తగ్గించినా, అవతలి రిసీవర్ మీద తగ్గేది ఒక్క గీతే. అదే 5 వాట్లకు దిగితే రెండు గీతలకు కాస్త ఎక్కువ. పైగా మాటకు పట్టేంత వెడల్పు మోర్స్‌కు అక్కర్లేదు. సన్నటి ఒక్క స్వరం సరిపోతుంది. ఎంత హోరులోనైనా తల్లికి బిడ్డ ఏడుపు వినపడినట్టు, తర్ఫీదు పొందిన చెవికి ఆ సన్నటి స్వరం అందుతుంది. శక్తిని తగ్గించమని చెప్పే మోర్స్ సంక్షిప్త సంకేతం క్యూఆర్‌పీ. నేడు 5 వాట్లు, అంతకంటే తక్కువతో ఖండాలు దాటే అమెచ్యూర్లు తమ విద్యకు ఆ పేరే పెట్టుకున్నారు.

క్రెంకెల్‌కు ఈ సంగతి అమెచ్యూర్ల ద్వారానే తెలిసింది. ధ్రువ ప్రాంతంలో షార్ట్‌వేవ్ పనిచేస్తుందో లేదో అప్పటికి అక్కడ ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు. 1927లో రెండోసారి మాతోచ్కిన్ షార్ వెళ్లే ముందు ఒక షార్ట్‌వేవ్ సెట్టు సంపాదించాలని పట్టుబట్టారు. నిజ్నీ నోవ్‌గొరోద్ రేడియో ప్రయోగశాల దగ్గరకెళ్లి సముద్ర సర్వే శాఖ కావాలంటోందన్నారు. సర్వే శాఖకు వెళ్లి ప్రయోగశాల ఇస్తానంటోందన్నారు. ఇటు వాళ్లు ఒప్పుకున్నారని అటు, అటు వాళ్లు ఒప్పుకున్నారని ఇటు చెప్పి, మొత్తానికి సెట్టుతో ఉత్తరానికి బయల్దేరారు. ఆ శీతాకాలం చేసిన ప్రయోగాలు ఫలించాయి. మంచు కేంద్రాలకు భారీ స్తంభాలు, పెద్ద ఇంజన్లు లేకుండా కూడా దూరం మాట్లాడొచ్చని తేలింది.

దగ్గర ఓడకు అందనిది, దూరపు పల్లెకు అందింది

ఈ విద్య విలువ 1928లో లోకమంతటికీ తెలిసింది. ఇటలీకి చెందిన ఉంబెర్తో నోబిలె ఎయిర్‌షిప్ ఇటాలియా, ఉత్తర ధ్రువం నుంచి తిరిగి వస్తూ మే 25న మంచు మీద కూలిపోయింది. బతికిన వారిలో రేడియో ఆపరేటర్ జుసెప్పె బ్యాజి ఉన్నారు. ఒందీనా అనే చిన్న అత్యవసర షార్ట్‌వేవ్ సెట్టుతో ఆయన రోజుల తరబడి సాయం కోసం పిలిచారు. దగ్గర్లోనే ఉన్న సహాయక ఓడకు ఆ పిలుపు అందలేదు. షార్ట్‌వేవ్ గంతు వేసినప్పుడు మధ్యలో మూగ ప్రాంతం ఒకటి మిగిలిపోతుంది. మొదటి గంతు ముగిసే చోటికి ఇవతల ఉన్నవారికి ఏమీ వినపడదు.

జూన్ 3న ఆ పిలుపును అందుకున్నది రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలోని రష్యన్ పల్లెలో ఉన్న నికొలాయ్ ష్మిత్ అనే కుర్రవాడు. సొంతంగా తయారు చేసుకున్న రిసీవర్‌తో ఆయన విన్న ముక్కలు ముక్కల సందేశమే అన్వేషణకు దారి చూపింది. జూలైలో సోవియట్ ఐస్‌బ్రేకర్ క్రాసిన్ మిగిలిన వారిని రక్షించింది. ఆ ఓడలో సహాయక బృందానికి నాయకుడు ధ్రువ శాస్త్రవేత్త రుదోల్ఫ్ సమోయ్‌లోవిచ్. ష్మిత్, సమోయ్‌లోవిచ్ అనే ఈ రెండు పేర్లూ క్రెంకెల్ కథలో ముందుకు మళ్లీ వస్తాయి.

ఒక కొస నుంచి మరో కొసకు

1929లో క్రెంకెల్ ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లోని తీహయా అఖాతానికి వెళ్లారు. 80 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోటు. శీతాకాలంలో అక్కడ నెలల తరబడి సూర్యుడు కనిపించడు. 1930 జనవరి 12న ఆయన పంపిన సాధారణ పిలుపుకు ఒక కొత్త స్టేషన్ జవాబిచ్చింది. ఎవరా అని విచారిస్తే, అది అంటార్కిటికాలో అమెరికన్ రిచర్డ్ బర్డ్ దండయాత్రకు కేంద్రమైన లిటిల్ అమెరికా. 78 డిగ్రీల దక్షిణ అక్షాంశం.

భూమి చుట్టుకొలత దాదాపు 40 వేల కిలోమీటర్లు. ఇద్దరి మధ్య ఉన్నది సుమారు 20 వేల కిలోమీటర్లు. అంటే ఈ భూమి మీద అంతకంటే దూరం మాట్లాడాలన్నా చోటు లేదు. ఇక్కడ చీకటి రాత్రి, అక్కడ అస్తమించని పగలు. ఇద్దరూ తాము ఎక్కడున్నదీ, ఎందరున్నదీ, వాతావరణం ఎలా ఉన్నదీ చెప్పుకున్నారు. ఆ సంభాషణ ప్రపంచ రికార్డుగా నిలిచింది.

అప్పటికి అమెరికా ప్రభుత్వం సోవియట్ యూనియన్‌ను గుర్తించనే లేదు. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడింది 1933 నవంబర్‌లో. రాయబారులు కలవడానికి దాదాపు నాలుగేళ్ల ముందే, రెండు దేశాల రేడియో మనుషులు భూగోళం రెండు కొసల నుంచి పలకరించుకున్నారు. రేడియో తరంగానికి పాస్‌పోర్టు అక్కర్లేదన్న సంగతి అమెచ్యూర్లకు ఆనందం. ప్రభుత్వాలకు మాత్రం అదే భయం.

ఆ తర్వాతి ఏడాది, 1931 జూలైలో, జర్మన్ ఎయిర్‌షిప్ గ్రాఫ్ జెప్పెలిన్ ఆర్కిటిక్ మీద చేసిన పరిశోధనా యాత్రకు సోవియట్ రేడియో ఆపరేటర్‌గా క్రెంకెల్ ఎంపికయ్యారు. శాస్త్ర పరిశోధన బాధ్యత సమోయ్‌లోవిచ్‌ది. ఆ ఎయిర్‌షిప్ తీహయా అఖాతంలో నీళ్ల మీద దిగి ఐస్‌బ్రేకర్ మలీగిన్‌ను కలుసుకుంది. ఏడాదిపాటు మంచులో గడిపిన తన పాత చోటును క్రెంకెల్ ఈసారి ఆకాశం నుంచి చూశారు. 1932లో సిబిర్యకోవ్ అనే ఓడ ఒకే వేసవిలో ఉత్తర సముద్ర మార్గాన్ని పూర్తి చేసిన యాత్రలోనూ ఆయనే రేడియో మనిషి. చివరి దశలో ప్రొపెల్లర్ ఊడి సముద్రంలో పడిపోతే, టార్పాలిన్లను తెరచాపలుగా కట్టి ఆ ఓడ బేరింగ్ జలసంధి చేరింది.

మునిగిన ఓడ, మిగిలిన పిలుపు

సిబిర్యకోవ్ విజయం తర్వాత మామూలు సరుకు ఓడ కూడా ఆ దారిలో వెళ్లగలదని నిరూపించాలనుకున్నారు. 1933లో బయల్దేరిన చెల్యూస్కిన్ అందుకు ఎంచుకున్న ఓడ. నాయకుడు గణిత శాస్త్రవేత్త ఒత్తో ష్మిత్. కెప్టెన్ వొరోనిన్. రేడియో క్రెంకెల్. దారిలో కారా సముద్రంలో ఒక ఆడపిల్ల పుట్టింది. గమ్యం కనుచూపు మేరలో ఉండగా ఓడ మంచులో ఇరుక్కుపోయింది. 1934 ఫిబ్రవరి 13న చుక్చీ సముద్రంలో మంచు ఒత్తిడికి ఓడ పక్క చీలింది. రెండు గంటల్లో మునిగిపోయింది. ఒకరు చనిపోయారు. 104 మంది మంచు మీద మిగిలారు. వారిలో పది మంది మహిళలు, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు.

దించగలిగిన సామానులో ఒక చిన్న అత్యవసర ట్రాన్స్‌మిటర్, కొన్ని బ్యాటరీలు ఉన్నాయి. గుడారం వేసి, చిన్న స్తంభాలకు ఏరియల్ కట్టారు. చేతి తొడుగులతో తీగలు బిగించలేరు, తొడుగులు తీస్తే వేళ్లు కొయ్యబారతాయి. చీకట్లో, గాలిలో, గడ్డకట్టే చలిలో ఆ పని చేశారు. 144 నాటికల్ మైళ్ల దూరంలోని ఉయెలెన్ కేంద్రంలో ల్యుద్మీలా ష్రాదర్ అనే ఆపరేటర్ చెవి ఒగ్గి ఉన్నారు. మరునాడు సంబంధం కలిసింది. తాము ఎక్కడున్నదీ, ఎందరు బతికున్నదీ మాస్కోకు తెలిసింది.

అక్కడి నుంచి రెండు నెలలపాటు ఆ గుడారమే శిబిరానికి గుండెకాయ. బ్యాటరీలు అయిపోతే అంతా అయిపోయినట్టే. అందుకే సమయాలు నిర్ణయించుకుని, అవసరమైన మాటలే పంపేవారు. మంచును చదును చేసి విమానాల కోసం రన్‌వే తయారు చేస్తారు. రాత్రికి రాత్రి అది పగిలిపోతుంది. మళ్లీ మరోచోట తయారు చేస్తారు. రన్‌వే ఈ గంటలో బాగుందా, మబ్బు ఎంత ఎత్తున ఉంది, గాలి ఎటు వీస్తోంది అన్న కబురు అందకుండా పైలట్ బయల్దేరలేడు. 28 విఫలయత్నాల తర్వాత మార్చి 5న పైలట్ ల్యపిదేవ్‌స్కీ దిగి మహిళలను, పిల్లలను తీసుకెళ్లారు. ఏప్రిల్ 13న చివరి ఆరుగురు బయటపడ్డారు. ఆఖరి క్షణం దాకా రేడియో నడపాల్సిన క్రెంకెల్ ఆ ఆరుగురిలో ఉన్నారు. మంచు మీదికి చేరిన 104 మందిలో ఒక్కరు కూడా చనిపోలేదు.

చెల్యూస్కిన్ ఓడ పిలుపు సంకేతం ఆర్‌ఏఈఎం. చుక్క గీత చుక్క, చుక్క గీత, చుక్క, గీత గీత. ఓడ మునిగినా ఆ నాలుగు అక్షరాలు మంచు మీంచి రెండు నెలలు వినిపించాయి. తర్వాత వాటిని క్రెంకెల్‌కు సొంత అమెచ్యూర్ సంకేతంగా ఇచ్చారు. మామూలుగా అమెచ్యూర్ సంకేతాల్లో ఒక అంకె తప్పకుండా ఉంటుంది. ఈ సంకేతంలో అంకె లేదు. అందుకే ఎవరు విన్నా అవతల ఎవరున్నారో వెంటనే తెలిసిపోయేది.

ధ్రువం మీద తొమ్మిది నెలలు

1937 మే 21న నాలుగు ఇంజన్ల విమానం ఒకటి ఉత్తర ధ్రువం దగ్గర మంచు పలక మీద దిగింది. నేల మీది వారితో మాట్లాడుతుండగానే విమానం రేడియో పరికరం చెడిపోయింది. వాళ్లు దిగారో, కూలిపోయారో తెలియక రుదోల్ఫ్ దీవిలోని కేంద్రం గంటల తరబడి ఎదురుచూసింది. మంచు మీద క్రెంకెల్ తన సెట్టు విప్పి, చల్లబడిన బ్యాటరీలను ఇంజన్‌తో చార్జి చేసి, చివరికి పిలుపు పంపారు. ఆ మంచు కేంద్రానికి ఉత్తర ధ్రువం-1 అని పేరు. సంకేతం యూపీఓఎల్. ఇవాన్ పపానిన్ నాయకుడు. ప్యోత్ర్ షిర్షోవ్, యెవ్‌గేని ఫ్యోదరోవ్ శాస్త్రవేత్తలు. నాలుగో మనిషి క్రెంకెల్.

ఈ కేంద్రం రేడియో వెనుక అమెచ్యూర్ల కృషి ఉంది. 20 వాట్ల సెట్టును లెనిన్‌గ్రాడ్‌లో ప్రత్యేకంగా తయారు చేశారు. ఆ పనిలో పాలుపంచుకున్న నికొలాయ్ స్త్రొమీలోవ్ కూడా అమెచ్యూర్లలోంచి వచ్చినవాడే. బ్యాటరీలు నిండటానికి గాలిమర ఉండేది. గాలి ఆగిపోతే మనిషి కష్టపడి తిప్పే జనరేటర్ ఉండేది. సముద్రం లోతు 4,290 మీటర్లని ధ్రువం దగ్గర తొలిసారి కొలిచింది ఈ బృందమే. ఆ లెక్కలూ, రోజూ వాతావరణ సమాచారమూ ఆ చిన్న సెట్టు మీదుగానే మాస్కో చేరేవి.

ఆ ఏడాది జూన్‌లో చ్కాలోవ్ బృందం, జూలైలో గ్రోమొవ్ బృందం మాస్కో నుంచి ధ్రువం మీదుగా అమెరికాకు ఆగకుండా ఎగిరాయి. దారి మధ్యలో వాతావరణం చెప్పగలిగింది ఈ మంచు పలక ఒక్కటే. ఆగస్టులో సిగిజ్మునద్ లెవనేవ్‌స్కీ విమానం బయల్దేరింది. ధ్రువం దాటాక ఇంజన్ చెడిందన్న కబురు వచ్చింది. ఆపైన ఏమీ వినపడలేదు. క్రెంకెల్ రోజుల తరబడి ఆ విమానం తరంగం మీద చెవి పెట్టి ఉంచారు. జవాబు రాలేదు. ఆరుగురి జాడ ఈనాటికీ తెలియలేదు.

తీరిక దొరికినప్పుడు ఆయన అమెచ్యూర్ బాండ్ల మీదికి వెళ్లేవారు. అధికారిక సందేశాల మధ్య ఆ కాసేపు స్వేచ్ఛ. దూరదేశాల్లో తమ ఇళ్లలో కూర్చున్న అపరిచితులకు ఉత్తర ధ్రువం నుంచి జవాబు వస్తే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఆ సంభాషణలకు ప్రచారం విలువ ఉన్న మాట నిజమే. కానీ మూడు మీటర్ల మందం మంచు మీద, నలుగురే మనుషులున్న చోట, లోకం తమను మరచిపోలేదన్న ధైర్యం కూడా వాటితోనే వచ్చేది.

పలక దక్షిణానికి కొట్టుకుపోతూ గ్రీన్‌లాండ్ సముద్రంలోకి చేరింది. 1938 ఫిబ్రవరి 1న తుపానుకు ముక్కలైంది. గుడారాలున్న ముక్క పొడవు మూడు వందల మీటర్లు, వెడల్పు రెండు వందల మీటర్లు. అదీ రోజురోజుకూ తరిగిపోతోంది. వారికి సాయంగా బయల్దేరబోతున్న ఎయిర్‌షిప్ వీ-6 ఫిబ్రవరి 6న కొండను ఢీకొని 13 మంది చనిపోయారు. ఆ నలుగురినీ చివరికి ఫిబ్రవరి 19న తైమీర్, మూర్మన్ అనే ఓడలు చేరుకున్నాయి. మొత్తం 274 రోజులు. అన్ని రోజులూ ఆ కేంద్రం స్వరం వినిపిస్తూనే ఉంది. నలుగురూ సోవియట్ యూనియన్ వీరులయ్యారు.

మెచ్చుకున్న రాజ్యమే అనుమానించింది

ఆ తొమ్మిది నెలలు మంచు మీద ఉన్నవారికి ప్రమాదం ప్రకృతి నుంచి వచ్చింది. అదే సమయంలో నేల మీద స్టాలిన్ భీభత్సం నడుస్తోంది. విదేశీయులతో పరిచయం, విదేశం నుంచి వచ్చిన ఉత్తరం కూడా నేరానికి సాక్ష్యమయ్యే రోజులు. అమెచ్యూర్లు సంభాషణకు గుర్తుగా ఒకరికొకరు కార్డులు పంపుకుంటారు. పలికిన వారి సంఖ్య ఎంత ఎక్కువైతే అంత గౌరవం. ఆ గౌరవమే అప్పుడు ఆపద అయింది.

నోబిలె బృందంలో మిగిలిన వారిని రక్షించి, గ్రాఫ్ జెప్పెలిన్‌లో క్రెంకెల్‌తో కలిసి ఎగిరిన సమోయ్‌లోవిచ్‌ను 1938లో అరెస్టు చేశారు. 1939లో కాల్చి చంపారు. ఇటాలియా పిలుపు విని దేశానికి పేరు తెచ్చిన అమెచ్యూర్ నికొలాయ్ ష్మిత్‌ను 1942లో తాష్కెంట్‌లో కాల్చి చంపారు. ఏళ్ల తర్వాత ఇద్దరూ నిర్దోషులని రాజ్యమే ఒప్పుకుంది. 1941లో యుద్ధం రాగానే అమెచ్యూర్ స్టేషన్లన్నీ మూతపడ్డాయి. అదే ఏడాది వోల్గా జర్మన్లను మూకుమ్మడిగా తూర్పుకు తరలించారు. జర్మన్ ఇంటిపేరున్న క్రెంకెల్ మాత్రం ఉత్తర సముద్ర మార్గ సంస్థలో ఉన్నతాధికారిగా ఆర్కిటిక్ రేడియో వ్యవస్థను నడిపారు. ఛాతీ మీది బంగారు నక్షత్రం, దేశమంతా తెలిసిన ఆ పేరు ఆయనకు రక్షణ అయ్యాయనుకోవాలి. అంత పేరు లేని ఎందరో అమెచ్యూర్లకు ఆ రక్షణ లేదు.

ఈ భయం ఒక్క సోవియట్ రాజ్యానిదే కాదు. మన దేశంలోనూ 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం అమెచ్యూర్ లైసెన్సులను రద్దు చేసింది. 1942 క్విట్ ఇండియా రోజుల్లో ఉషా మెహతా బృందం బొంబాయిలో రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియో, ఆ ప్రభుత్వం దేనికి భయపడిందో చూపించింది. మూడు నెలలకే దాన్ని పట్టుకున్నారు. గదిలో పట్టేంత ట్రాన్స్‌మిటర్ సామ్రాజ్యాన్ని కలవరపెట్టగలదు. అదే ట్రాన్స్‌మిటర్ 2004 డిసెంబర్‌లో ప్రాణాలూ కాపాడింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అప్పుడు వేరే పని మీద అండమాన్‌లో ఉంది. సునామీకి ఫోన్లు మూగబోతే, ఆ అమెచ్యూర్లే దీవుల కబుర్లు బయటికి చేరవేశారు. అనుమానించాలా, ఆదరించాలా అన్న ప్రశ్న ప్రభుత్వాల ముందు ఆనాటి నుంచీ ఉంది. విపత్తు వచ్చిన ప్రతిసారీ జవాబు ఒకేలా వస్తోంది.

దక్షిణ కొసకు

యుద్ధం తర్వాత 1940ల చివర్లో క్రెంకెల్ ధ్రువ మార్గ సంస్థ నుంచి బయటికొచ్చి రేడియో పరిశ్రమలో పనిచేశారు. 1951 నుంచి వాతావరణ పరికరాల పరిశోధనా సంస్థలో చేరారు. మనుషులు ఉండలేని చోట తనంతట తాను వాతావరణం కొలిచి రేడియోలో పంపే కేంద్రాల లాంటి పరికరాలు అక్కడి పని. 1969లో ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. దేశ రేడియో క్రీడల సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్నారు. తపాలా బిళ్లల సేకరణ ఆయన మరో ఇష్టం. 1966లో ఏర్పడిన సోవియట్ ఫిలాటలిస్టుల సంఘానికి తొలి అధ్యక్షుడు ఆయనే. దూరం నుంచి వచ్చే చిన్న కాగితం మీద మక్కువ, దూరం నుంచి వచ్చే సన్నటి స్వరం మీద మక్కువ ఒక్కచోటే పుట్టి ఉంటాయి.

1968లో ప్రొఫెసర్ జుబోవ్ అనే పరిశోధనా నౌకలో యాత్రకు నాయకుడిగా అంటార్కిటికా వెళ్లారు. 1930లో చీకటి అఖాతంలో కూర్చుని తాను పలకరించిన ఖండాన్ని 38 ఏళ్ల తర్వాత కళ్లతో చూశారు. అప్పటికి ఆయన వయసు 65కు దగ్గర పడింది. 1971 డిసెంబర్ 8న మాస్కోలో కన్నుమూశారు. నొవదేవిచీ శ్మశానంలో సమాధి చేశారు. తన పిలుపు సంకేతాన్నే పేరుగా పెట్టుకున్న ఆయన ఆత్మకథ, ఆయన పోయాక పుస్తకంగా వచ్చింది. ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లోని హేస్ దీవి పరిశోధనా కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

అమెచ్యూర్లు ఆయన్ను తలచుకునే పద్ధతి వేరు. ఏటా డిసెంబర్‌లో, ఆయన పుట్టినరోజు దగ్గర్లో, ఆర్‌ఏఈఎం పేరిట ఒక పోటీ జరుగుతుంది. అందులో మాట నిషిద్ధం, మోర్స్ ఒక్కటే చెల్లుతుంది. మిగతా పోటీల్లా దేశం పేరో, ప్రాంతం పేరో పంపరు. ప్రతి ఒక్కరూ తామున్న చోటి అక్షాంశం, రేఖాంశం పంపుతారు. ఇద్దరి మధ్య దూరం ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ పాయింట్లు. మంచు మీద ప్రాణాలతో ఉన్నవాడు మొదట చెప్పాల్సిన సంగతి తానెక్కడున్నాడన్నదే. 1934 ఫిబ్రవరిలో గుడారంలోంచి క్రెంకెల్ పంపిన తొలి కబుర్లలో ఉన్నదీ అదే.